తలుపు మీద ఎనిమిది పేర్లు

ఇటు రా సుజనా, ఇంకా దగ్గరికి. ఆ మూలన కూర్చుంటే నా గొంతు నీదాకా రాదు. వచ్చే ఆదివారం మీరాలం చెరువులో తెరచాప పడవ ఎక్కుతున్నావని మీ అమ్మ చెప్పింది. ఎక్కు, వద్దనను. కానీ ఆ పడవల షెడ్డుకు రేకు తలుపు ఉంటుంది, దాని మొదటి రెక్క మీద తెల్ల పెయింటుతో ఎనిమిది పేర్లు ఉంటాయి. ఆ పేర్ల దగ్గర ఎంత గొడవ జరిగిందో తెలుసుకోకుండా ఎక్కకు.

మీ తాత ఆగయ్య బస్సు డిపోలో మెకానిక్. ఈత రాదు, అయినా పడవల పిచ్చి. ఏదో పెద్ద క్లబ్బు వాళ్ళు తుక్కు కింద పడేసిన నాలుగు పడవలను తన దోస్తు డానియేలుతో కలిసి ట్రాలీలో వేసుకుని దబీర్‌పురాకు తెచ్చాడు. మన గల్లీలో మనిషి నడవడానికి దారి లేదు. పక్కింటి కొండల్ బర్రెలు పాలు పిండే వేళకు ఇల్లు చేరలేక అరుస్తున్నాయి. కొండల్ కొట్లాటకే వచ్చాడు. వచ్చినవాడు పడవ అడుగున చిల్లులో చెయ్యి పెట్టి చూసి, "గిది గిట్ల అతుకుతె ఆగదు అన్నా, జరుగు" అని తానే కూర్చున్నాడు. బస్సు బాడీలకు పూసే మసాలాతోనే చిల్లులు పూడ్చారు. తాడు నయాపూల్‌లో కొన్నారు. చినిగిన తెరచాపలను నా కుట్టు మిషను మీద నేనే కుట్టాను, ఎన్ని సూదులు విరిగాయో లెక్క లేదు. క్లబ్బు అలా పుట్టింది. జీతగాడు ఎవరూ లేరు. బస్తీ పిల్లలు ఎవరొచ్చినా ఊరికే నేర్పేవారు.

పనంతా వంతుల మీద నడిచేది. ఎనిమిది మంది, ఎనిమిది ఆదివారాలు, తలుపు మీద పేర్లు ఏ వరసలో ఉంటే ఆ వరస. వంతు వచ్చినవాడు పొద్దున్నే షెడ్డు తెరవాలి, ఒడ్డున పేరుకున్న గుర్రపుడెక్క లాగెయ్యాలి, పిల్లలు నీళ్ళ మీద ఉన్నంతసేపూ మోటారు పడవలో కాపలా కూర్చోవాలి. అతను కూర్చోనిదే ఒక్క తెరచాప లేవదు. ఒకరి వంతు ఇంకొకరు చెయ్యాలంటే, వంతు మనిషే తన తాళంచెవి ఎదుటివాడి చేతిలో పెట్టి, "ఇయ్యాల నా వంతు నువ్వు జెయ్యి" అనాలి. నోటి మాట చాలదు. ఒకసారి వాడు చూస్తాడని వీడు, వీడు చూస్తాడని వాడు ఇద్దరూ ఒడ్డున ఛాయ్ తాగుతుంటే ఒక పిల్ల నీళ్ళల్లో పడింది. బతికి బయటపడింది కానీ, ఆ సాయంత్రమే ఈ కట్టుబాటు పెట్టుకున్నారు. తర్వాత పదహారేళ్ళు ఎవరూ తప్పలేదు.

ఇక కరోనా వచ్చింది. రెండోసారి వచ్చినప్పుడు మూడు వారాల్లో ముగ్గురు పోయారు. ముందు లక్ష్మయ్య, తర్వాత డానియేలు, ఆ తర్వాత మీ తాత. ఆయన ముఖం కూడా నాకు చూపించలేదు బిడ్డా. సంచిలో కట్టి, బండిలో వేసి, ఫలానా చోట కాలుస్తామని ఫోనులో చెప్పారు.

క్లబ్బు మళ్ళీ తెరిచిన రోజు వంతు కొండల్‌ది. పడవలు తిరిగాయి. రెండో వారం మీ తాత పేరు. పిల్లలు నలభై మంది వచ్చి తలుపు ముందు నిలబడ్డారు. తాళంచెవులు అందరి నడుములకూ ఉన్నాయి, తీసినవాడు లేడు. ఆగయ్య చేతిలో పెట్టలేదు కదా మరి! పేరు తుడిచి కిందివాళ్ళను పైకి జరుపుదామని ఎవరో నసిగారు. నేను తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాను.

"తుడుచుడు మీకు గంత అల్కనా? మొకం సూడనియ్యలే, కొరివి వెట్టనియ్యలే, గా పేరొక్కటి మిగిలింది. దాన్ని ముట్టినోని చెయ్యి ఇరుగుతది!" అన్నాను.

డానియేలు కొడుకు వెస్లీ కూడా, "మా నాయన పేరు కూడా గంతే. ఎవలన్నా ముట్టుకుంటె మంచిగుండదు" అన్నాడు.

ఎవరూ ముట్టుకోలేదు. చనిపోయినవాడి వారం వస్తే షెడ్డు తెరుచుకోదు, అదే కొత్త కట్టుబాటైంది. ఆ ముగ్గురి వారాలు అలా పోయాయి. బతికున్నవాళ్ళలో ఇద్దరికి ఆదివారం ఇంట్లో పడుకోవడం అలవాటైంది, వాళ్ళ వారాలూ పోయాయి. ఏ ఆదివారం ఉంటుందో, ఏది ఉండదో తెలియక తల్లిదండ్రులు పిల్లలను ట్యూషన్లకు పంపారు. రెండేళ్ళకు నలభై మంది పిల్లలు తొమ్మిది మంది అయ్యారు. తప్పు నాదని నాకు ఎవరు చెబుతారు? చెప్పినా నేను వినే స్థితిలో లేను.

అప్పుడు చెరువు ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. షెడ్డు సరిగా వాడటం లేదు కాబట్టి నెల లోపల ఖాళీ చెయ్యాలట, లేదా క్రమంగా నడుపుతున్నట్టు చూపించాలట. కొండల్ ఆ కాగితం పట్టుకుని మనింటికి వచ్చాడు. కూర్చోమనలేదు నేను.

"వదినె, ఒక పార్టీ దొరికిండు. పెండ్లి ఫొటోలు తీస్తరట పడవల మీద. షెడ్డు ఆయనకిద్దాం. మన పిల్లలకు పొద్దుగాల రెండు గంటలు ఇస్తడట."

"బర్రెలు గిట్ల అమ్ముకున్నవ్, ఇగ పడవలు గూడ అమ్ముతవా?"

"నీ యవ్వ, అమ్ముతనంటినా? నడుపుతనంటున్న! సచ్చినోళ్ళ వారం అని నువ్వు దర్వాజ బంద్ జేస్తే, బతికున్నోళ్ళు ఏడికి పోవాలె?"

"మా ఆయన ఉంటె నీ నోరు లేసేదా?"

"అన్న ఉంటె గీ కాగితమే రాకపోవు!" అని చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా వెళ్ళిపోయాడు.

తర్వాత వచ్చిన ఆదివారం మీ తాతది. నేను వెళ్ళేసరికి కొండల్ తలుపు దగ్గర ఉన్నాడు, చేతిలో పెయింటు చెరిపే తిన్నర్ డబ్బా, భుజాన పాత గుడ్డ. పక్కన ఫొటోల మనిషి నల్ల కళ్ళద్దాలతో కొలతలు తీసుకుంటున్నాడు. వెస్లీ రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చి గోడకు ఆనుకుని ఉన్నాడు. షెడ్డు పోతుందని విని ఆ తొమ్మిది మంది పిల్లలూ వచ్చారు. వాళ్ళకు నేర్పే రచన కూడా ఉంది. మొఘల్‌పురా పిల్ల, పదేళ్ళ వయసులో వచ్చి చేరింది, ఇప్పుడు నర్సింగు చదువుతోంది.

కొండల్ గుడ్డ తడిపాడు. నేను ఆ చెయ్యి పట్టుకున్నాను. తిన్నర్ చీర మీద ఒలికింది, కళ్ళు మండాయి. వెస్లీ వచ్చి కొండల్ కాలరు పట్టాడు. "అరే క్యా కర్రే భాయ్!" అని ఫొటోల మనిషి వెనక్కి జరిగాడు. చెరువు అవతల జూలో సింహం గర్జిస్తోంది, మేం దానికంటే గట్టిగా అరుస్తున్నాం.

"ఆపుండ్రి!" అంది రచన. ఆపలేదు. అప్పుడు మోటారు పడవ తెడ్డు తీసుకుని రేకు తలుపును దడదడ కొట్టింది. అందరం ఆగాం.

"పేర్లు తుడుస్తనంటడు ఒకడు, ముడితె ఇరగ్గొడుతనంటది ఒకామె. నా పేరేడుంది? తొమ్మిదేండ్ల సంది ఈడనే సస్తున్న. మోటరు పడవ నాకొచ్చు, మునిగినోన్ని తియ్యనొస్తది. నా పేరు రాయుండ్రి అంటె తలుపు మీద జాగ లేదన్నరు! సచ్చినోళ్ళకు మూడు జాగలున్నయ్, ఇంట్ల పండుకున్నోళ్ళకు రెండున్నయ్, నాకు లేదా?"

"పెద్దోళ్ళ ముంగట గట్లనా మాట్లాడుడు?" అన్నాను.

"అవ్వా, నువ్వు ఊకో. షెడ్డు ఆయన అమ్ముకుంటలేడు. రెండేండ్ల సంది నువ్వే బంద్ జేసినవ్. తాత ముంగటుంటె ముందుగాల నిన్నే కోప్పడుతుండె."

చెంప మీద కొట్టినట్టు అయింది. ఆమె నా నడుము వైపు చూపించింది. "తాత తాళంచెవి నీ కాడనే ఉన్నది గద. ఆయన చెయ్యి లేదు, నీ చెయ్యి ఉన్నది. ఇస్తవా, ఇయ్యవా?"

ఇస్తే ఆయన ఇక రాడని నేనే ఒప్పుకున్నట్టు. అందుకే ఇవ్వలేదు బిడ్డా రెండేళ్ళూ, ఇంకేం లేదు. పిల్లలు నన్నే చూస్తున్నారు. ఒక చిన్నది లైఫ్ జాకెట్ వేసుకుని, తీసి, మళ్ళీ వేసుకుంటోంది. నడుము నుంచి తాళంచెవి విప్పడానికి చాలాసేపు పట్టింది. రచన చేతిలో పెట్టాను.

"ఇయ్యాల ఆగయ్య వంతు నువ్వు జెయ్యి" అన్నాను.

"జేస్త. గని నా పేరు రాయకుంటె ఇదే ఆఖరు" అంది. కనీసం నవ్వలేదు.

తలుపు తెరుచుకుంది. కొండల్‌కు మాత్రం అవమానమైంది. ఫొటోల మనిషి ముందు మాట పోయిందని, "రెండేండ్లు నేను మొత్తుకుంటె ఇనలే, పోరి అంటె ఇచ్చినవా! నీతోని నాకు రాం రాం" అని తన తాళంచెవి నా కాళ్ళ ముందు మట్టిలో విసిరేసి వెళ్ళిపోయాడు. వెస్లీని నేనే అడిగాను, మీ నాయన తాళంచెవి ఇవ్వమని. "నీకు పానం ఒప్పుకున్నది, నాకు ఒప్పుకోలే" అని అతనూ పోయాడు.

తలుపు రెండో రెక్క మీద కొత్త పేర్లు రాశారు, మొదటిది రచనది. లక్ష్మయ్య భార్య వచ్చి తాళంచెవి చేతిలో పెట్టింది. పడవలు తిరుగుతున్నాయని రాసి పంపితే చెరువు ఆఫీసు వాళ్ళు ఏడాది గడువిచ్చారు, ఒక్క ఏడాదే. డానియేలు వారం ఇప్పటికీ తలుపు మూసే ఉంటుంది. కొండల్ వారం కూడా. విసిరేసిన తాళంచెవి చేతిలో పెట్టినట్టు కాదు, అందుకే దాన్ని ఎవరూ వాడరు. నేను ఏరి ఇంట్లో దాచాను. ఆయన గల్లీలో ఎదురైతే నేను గోడ వైపు తిరుగుతాను, ఆయనా అంతే.

ఆదివారం పిల్లలు నిన్ను అడుగుతారు, ఈ క్లబ్బును మూయించబోయింది కొండల్ తాతేనా అని. బస్తీ అంతా అదే చెప్పుకుంటోంది, నేనూ కాదనలేదు ఇన్నాళ్ళూ. నువ్వు కాదని చెప్పు. మూసింది మా నాయనమ్మ కృష్ణమ్మ, తెరిపించింది రచన, మూతపడకుండా అడ్డం పడి తిట్లు తిన్నది కొండల్ తాత అని చెప్పు. ముగ్గురి పేర్లూ మర్చిపోకు. నీ తర్వాత వచ్చే పిల్లలకూ ఇదే వరసలో చెప్పు, నా మీద జాలితో ఒక్క మాట కూడా తగ్గించకు.