అన్న గడ్డం

తోలుపట్టీ మీద కత్తిని అటూ ఇటూ తిప్పి, బొటనవేలి గోటి మీద అంచు చూసుకున్నాడు. కుర్చీలో ఉన్న లారీ డ్రైవరు మెడ చుట్టూ గుడ్డ బిగించి, గిన్నెలో సబ్బు గిలకొట్టి నురగ తీశాడు. కత్తి పట్టినవాడి తలంతా నెరిసినా ఆ వీధిలో అందరికీ అతను ఇంకా చిన్నోడే. పెద్దోడంటే అతని అన్న. ఆయన షాపు సరిగ్గా ఎదురుగానే ఉంది. వారం నుంచి దాని తలుపు తెరుచుకోలేదు.

"మీ అన్నకి ఎలా ఉంది?" అన్నాడు డ్రైవరు.

"బాగాలేదంట."

"అంట ఏంటి? నువ్వు చూసి రాలేదా?"

"కదలకండి. చెవి దగ్గరున్నాను."

డ్రైవరు నోరు మూసుకున్నాడు. ఈ వృత్తిలో ఉన్న సుఖం అదొక్కటే. అవతలివాడి ప్రశ్న నచ్చకపోతే కత్తి చెవి దగ్గరికి తీసుకెళితే చాలు.

ఒకప్పుడు రెండు షాపులూ ఒకటే, నాన్న పెట్టింది. నాన్న పోయాక కూడా అన్నదమ్ములు పక్కపక్క కుర్చీల దగ్గర నిలబడి చాలా ఏళ్లు పనిచేశారు. ఆస్తి దగ్గరో తోడికోడళ్ల మాటల దగ్గరో విడిపోయి ఉంటే లోకానికి అర్థమయ్యేది. వీళ్లు విడిపోయింది క్రీస్తు దగ్గర, ఆయన దేవుడితో సమానమా కాదా అని. ప్రార్థన మందిరం నుంచి వస్తూ దారిలో మొదలైన మాట అది.

"పంపినవాడు పెద్ద, వచ్చినవాడు చిన్న. కొడుకు కొడుకేరా, తండ్రితో సమానం ఎలా అవుతాడు?" అన్నాడు అన్న.

"కొడుకు లేనిదే ఆయనకి తండ్రన్న పేరెక్కడిది? ఆయన ఎప్పుడూ తండ్రే అయితే, కొడుకూ ఎప్పుడూ ఉన్నట్టేగా," అన్నాడు తమ్ముడు.

"మరి సిలువెక్కే ముందు రాత్రి ఏడుస్తూ ఎవరికి ప్రార్థన చేసుకున్నాడు? తనకి తనేనా?"

తమ్ముడు గొంతు పెంచాడు. అన్నకి ముక్కు మీదే కోపం. గోటితో పోయేది గొడ్డలి దాకా వచ్చింది. అన్న వేరే మందిరానికి మారాడు, ఎదురుగా వేరే షాపు పెట్టాడు. కొంతకాలం ఊళ్లో ఎవరు ఏ షాపులో జుట్టు కత్తిరించుకుంటే వాళ్ల నమ్మకం అదేనని చెప్పుకుని నవ్వుకునేవారు. తర్వాత ఆ నవ్వు కూడా పాతబడిపోయింది. మిగిలింది ఒక్కటే. అప్పటిదాకా ప్రతి శనివారం షాపు మూశాక ఒకరి గడ్డం ఒకరు గీసుకునేవారు. గొడవైన తర్వాతి శనివారం నుంచి అన్న గడ్డం పెంచాడు. తమ్ముడి చేతి కింద తల వంచనన్నాడు, ఇంకొకడి చేతికీ ఇవ్వలేదు.

మధ్యాహ్నం గిరాకీ లేదు. పనిలేనివాడు పిల్లి తల గొరిగాడన్న సామెత తన కోసమే పుట్టిందనుకుంటూ దువ్వెనలు కడుగుతుంటే, వదిన వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఒకసారి రా. గడ్డం తీసెయ్యమంటున్నాడు."

"నన్ను రమ్మన్నాడా?"

"నీ మాట ఎత్తలేదు. కత్తి పట్టడం వచ్చినవాణ్ణి పిలవమన్నాడు," అంది. కళ్లు తుడుచుకుని, "డాక్టరు ఇవాళో రేపో అన్నాడు," అంది.

చింత చచ్చినా పులుపు చావదు అనుకుంటూ సంచి సర్దుకున్నాడు. అతనికి వాదన గెలవాలని లేదు. అన్న పోయేలోగా ఒక్కసారి, పాతరోజుల్లోలాగా, 'ఒరేయ్ చిన్నోడా' అంటే చాలు. ఇన్నేళ్లలో ఆ మాట కోసం ఎన్నిసార్లు ఎదురు షాపు వైపు చూశాడో అతనికే తెలుసు.

గదిలో మందుల వాసన. అన్న దిండ్లకి ఆని కూర్చుని ఉన్నాడు. మనిషి సగమయ్యాడు, గడ్డం మాత్రం గుండెల దాకా ఉంది. తమ్ముణ్ణి చూశాడు, పలకరించలేదు, గడ్డం కాస్త పైకెత్తాడు. మొదలుపెట్టమని.

ముందు కత్తెరతో పొడవు తగ్గించాడు. తర్వాత వేడినీళ్లలో పిండిన తువ్వాలు చెంపల మీద వేసి, చర్మం మెత్తబడేదాకా పట్టుకున్నాడు. నురగ రాశాడు. వదులైన చర్మాన్ని రెండు వేళ్లతో బిగించి, చెవి దగ్గర నుంచి కిందికి మొదటి గీత గీశాడు.

"పని నేర్పేటప్పుడు," అన్నాడు అన్న కళ్లు మూసుకుని, "నాన్న వెనక నిలబడి మన చెయ్యి మీద చెయ్యి వేసేవాడు."

"నాకు కూడా అంతే."

"ఆయన చెయ్యి పైన ఉండేది. పైనున్నది పెద్దదా, కాదా?"

తమ్ముడు కత్తికంటిన నురగ తుడిచాడు. కోపం రావాలి కానీ రాలేదు. ఆ బరువైన వెచ్చటి చెయ్యి తన వేళ్ల మీద ఇప్పుడే ఆనినట్టుంది.

"గడ్డం నున్నగా వచ్చిందే, ఎవరు గీశారని అడిగితే నాన్న ఏమనేవాడన్నా?"

"మా అబ్బాయే గీశాడనేవాడు."

"నువ్వేమనేవాడివి?"

అన్న కళ్లు తెరిచాడు. "మా నాన్న గీశాడనేవాణ్ణి," అన్నాడు.

"ఇద్దరిలో అబద్ధం ఎవరిది?"

అన్న పెదవి వంకర తిరిగింది. "నవ్వకు, తెగుతుంది," అన్నాడు తమ్ముడు.

రెండో చెంప, గొంతు, పైపెదవి. పటిక రాసి తుడిచాడు. పని అయ్యాక అద్దం చూపించకపోతే ఆ పని పూర్తయినట్టు కాదు. సంచిలో అద్దం లేదు. వదిన గోడకున్న చిన్న అద్దం తీసి ఇచ్చింది. అతను దాన్ని అన్న ముఖానికి ఎదురుగా పట్టుకున్నాడు.

అన్న చూశాడు. చూస్తూనే ఉన్నాడు. నాన్నది ఒక్క ఫోటో కూడా లేదు.

"ఒరేయ్ చిన్నోడా," అన్నాడు. "నాన్నరా."

తమ్ముడు వంగి చూశాడు. గడ్డం కింద ఇన్నాళ్లూ దాగిన ఆ దవడ, ఆ కింది పెదవి, చుబుకం మీద ఆ నొక్కు అన్నీ నాన్నవే. "అవునన్నా," అన్నాడు. ఏడుపు ఆపుకోలేదు.

"నాది తప్పని మాత్రం ఒప్పుకోను."

"నేను ఒప్పుకోమన్నానా?"

"ఇంకాస్త అలాగే పట్టుకో. చూడనీ."

పట్టుకున్నాడు. చెయ్యి నొప్పి పుడితే రెండో చేతికి మార్చుకున్నాడు. అన్న తల దిండు మీద కాస్త పక్కకి వాలింది, కళ్లు అద్దం వైపే ఉన్నాయి. బయట ఎవరో సైకిల్ బెల్లు కొట్టుకుంటూ పోయారు. వదిన వచ్చి భుజం మీద చెయ్యి వేసేదాకా అతను అలాగే పట్టుకుని ఉన్నాడు.

"చాలు చిన్నోడా. ఇంక దించు," అంది.

చెవి వెనక మిగిలిన నురగ తుడిచి, అన్న కళ్లు మూసి, నుదుటి మీద ముద్దు పెట్టాడు. ఇరుగుపొరుగు ఒక్కొక్కరే వచ్చారు. రెండు మందిరాల వాళ్లూ వచ్చి, ఒకే గదిలో చోటు సరిపోక ఒకరినొకరు ఆనుకుని నిలబడ్డారు. అద్దాన్ని తిరిగి గోడకి తగిలించాలని ఎవరికీ తోచలేదు. అంచున ఎండిపోతున్న నురగ చుక్కతో అది దుప్పటి మీద వెల్లకిలా పడి ఉంది.