రెండు పోగులు, ఒక్క జ్వాల

యూదుల దీపాల పండగ హనుక్కా చివరి సాయంత్రం. నార్త్ యార్క్‌లోని ఆ ఇంటి కిటికీలో వారం రోజులుగా బ్యాటరీ దీపాలే వెలుగుతున్నాయి. కిందటేడు రివ్కా ఆంటీ వణికే చేతిలోంచి కొవ్వొత్తి జారి టేబుల్ గుడ్డ కాలింది. ఆ మర్నాడే కూతురు నయోమి ఆ ప్లాస్టిక్ దీపాలు కొనుక్కొచ్చింది.

"ఇవాళ నిజం దీపాలు నేనే వెలిగిస్తా. దుంపలు తురమడానికి పనికొచ్చే చెయ్యి దీపానికి పనికిరాదా?" అంది ఆవిడ.

బేస్‌మెంట్‌లో అద్దెకుంటూ కాలేజీలో చదువుతున్న చరిత నవ్వింది. "నయోమి ఊరుకుంటుందా ఆంటీ?"

"ఊరుకుంటుంది. ఈసారి జారితే ఇక జన్మంతా ప్లాస్టిక్కేనని మాటిచ్చాను."

రివ్కా ఆంటీ అల్మారాలోంచి వాళ్లమ్మ నాటి ఇత్తడి దీపాల స్టాండు, ఎనిమిది చిన్న గాజు గిన్నెలు తీసింది. "అసలీ పండగే నూనెది. వెనకటికి ఒక పరాయి రాజు మా పూజలు మాన్పించి గుడిని మైలపరిచాడు. మావాళ్లు పోరాడి గెలుచుకున్నారు. తీరా చూస్తే గుడి దీపానికి ఒక్క రోజుకు సరిపడా నూనే ఉంది. అది ఎనిమిది రోజులు వెలిగింది."

చరిత మందుల షాపు దూదితో వత్తులు చేసి, గిన్నెకు రెండేసి వేసి, ఆలివ్ నూనె పోసింది. రివ్కా ఆంటీ కళ్లజోడు సర్దుకుంది.

"ఇదేమిటి? రాత్రికొక జ్వాల. వీధిలో వాళ్లు చూసి పదహారు రోజుల పండగనుకుంటారు!"

"ఒంటి వత్తి పెట్టకూడదు ఆంటీ. మా అమ్మకి తెలిస్తే చంపేస్తది."

"మా అమ్మ పైనుంచి చూస్తోంది. ఆవిడ నిన్నూ నన్నూ కలిపి చంపుతుంది."

చరిత రెండేసి వత్తులూ కలిపి పురిపెట్టి, కొస కాస్త విప్పి నిలబెట్టింది. "రెండు పోగులు, ఒక్క జ్వాల. ఇద్దరమ్మలకీ ఓకేనా?"

అంతలో నయోమి వచ్చింది. బూట్ల మంచు దులుపుకుంటూనే పరుగెత్తింది. "అమ్మా, నేను పట్టుకుంటా!"

"చెయ్యి తియ్యి."

మిగతావాటిని వెలిగించే సేవకుడి కొవ్వొత్తిని రివ్కా ఆంటీ రెండు చేతులతో పట్టుకుని ప్రార్థన చదివింది. ఆ రాత్రి కొత్తగా చేరిన ఎడమ కొస దీపాన్నే ముందు వెలిగించాలి. మంట వణుకుతూ అటూ ఇటూ పోయింది. సన్నటి వత్తయితే దొరికేది కాదు. నూనె తాగి లావెక్కిన వత్తి ఎక్కడ తగిలినా అంటుకుంది. నాలుగో గిన్నె దగ్గర చెయ్యి జారబోయింది. నయోమి చెయ్యి చాచబోయి వెనక్కి తీసుకుంది. ఆవిడ మణికట్టును ఇత్తడి స్టాండుకు ఆనించి, మళ్లీ సాగింది.

ఎనిమిదోదీ వెలిగింది. నయోమి తల్లి భుజంలో ముఖం దాచుకుంది.

"ఈ వెలుగులో పనులు చెయ్యకూడదు. ఊరికే చూడాలంతే," అంది రివ్కా ఆంటీ. "ఆ ప్లాస్టిక్‌వి బేస్‌మెంట్ మెట్ల మీద పెట్టు. అక్కడ బల్బు పోయిందని ఈ పిల్ల ఎప్పటినుంచో మొత్తుకుంటోంది."

బయట మంచులో కుక్కతో వెళుతున్న ఒకాయన ఆగాడు. గ్లవ్ వేసుకున్న వేలితో ఒక్కొక్క దీపాన్నీ లెక్కపెట్టి, చెయ్యి పైకెత్తి ఊపాడు.

"ఎనిమిదే లెక్కపెట్టాడు!" అంది రివ్కా ఆంటీ, వణికే చేతిని అంతెత్తున ఊపుతూ.