ఖాళీ గొట్టం గీత

2011 ఆగస్టు 17, మధ్యాహ్నం పన్నెండున్నర. హైదరాబాదులోని ఒక పరిశోధన సంస్థలో, ఖాళీగా ఉన్న నన్ను యంత్రంలో పెట్టి చూశారు. కాగితం మీద సూటిగా రావలసిన గీతలో మెలిక పడింది. గౌరీశ్వరి నాలుగేళ్ల పని అక్కడ ఆగింది.

నేను ఒక క్వార్ట్జ్ గొట్టాన్ని. జానెడు పొడవు ఉంటాను, పెన్ను రీఫిల్ కంటే కాస్త లావు. ఒక కొస మూసి ఉంటుంది. విదేశంలో ఎక్కడో ఇసుకను కరిగించి నన్ను సాగదీశారు. ఆ ఊరి పేరు నా పెట్టె మీద ఉండేది. ఆ పెట్టెలో ఇప్పుడు ఎవరో స్క్రూలు పోసుకున్నారు. మామూలు గాజులో ఇనుము జాడలుంటాయి. అయస్కాంతం మధ్య పెడితే అవి బయటపడతాయి. నాలో అవి లేవు. నా గురించి నేను ఏమీ చెప్పకపోవడమే నా ఉద్యోగానికి అర్హత. ఆ గదికి ఇంటర్వ్యూలకు వచ్చిన మనుషులను చూశాను. వాళ్లకు ఈ అర్హత పనికిరాలేదు.

గౌరీశ్వరిది బొబ్బిలి. ఆమె పనిచేసిన ప్రొటీన్‌లో ఎలక్ట్రాన్ ఒక చోటి నుంచి మరో చోటికి వెళ్తుంది. ఆ దూరం ఒక్క గెంతుకు అందదు. దారిలో టైరోసిన్ అనే అమైనో ఆమ్లం ఉంది. అది తన ఎలక్ట్రాన్‌ను ముందుకు ఇచ్చి, వెనక నుంచి వచ్చేదాన్ని తీసుకుంటుందని ఆమె అనుమానం. ఇచ్చాక, తీసుకునే లోపు, రెప్పపాటు కూడా పట్టని కాలం దానిలో జత లేని ఎలక్ట్రాన్ ఒకటి మిగులుతుంది. అలా ఉన్నదాన్ని రాడికల్ అంటారు. యంత్రంలోని అయస్కాంతం మధ్య అది గీతలో మెలికగా కనిపిస్తుంది. మెలిక పడితే ఆమె అనుమానం నిజం. పడకపోతే థీసిస్‌లో ప్రధాన అధ్యాయం లేదు.

రాడికల్ వెలుతురు పడ్డప్పుడే పుడుతుంది, నిలవదు. అందుకని ఆమె ప్రొటీన్ ద్రావణాన్ని నాలో పోసి, వెలుతురు కిందే ద్రవ నైట్రోజన్‌లో ముంచి గడ్డకట్టించేది. నెలల తరబడి గీత సూటిగానే వచ్చింది. జూలై చివర్లో మెలిక పడింది.

పక్క బల్ల దగ్గర పరిశోధన చేసే ఇమ్రాన్ వచ్చి వంగి చూశాడు. "ఇదేంది గౌరీ, కాగితం మీద దోమ వాలిందా?"

"కళ్లజోడు తుడుసుకోని సూడెహె. టైరోసిన్ అది."

ఆమె గైడు డాక్టర్ రాజేశం. కరీంనగర్ వైపు ఆయన. అచ్చయిన పరిశోధన పేపరును, తప్పు దొరికిందని ఒకసారి వెనక్కి తీసుకున్న మనిషి. "ఖాళీ గొట్టం పెట్టి చూసినవా?" అని అడిగారు.

"లేదు సార్. ఇదే గొట్టం కడిగి చూస్తాను."

నా జోడీ గొట్టం జూన్‌లో విరిగింది. కొత్తవాటికి ఆర్డరు వెళ్లింది, రాలేదు. అప్పటిదాకా నన్ను నీళ్లతో, ఆల్కహాల్‌తో కడిగేవారు. ఈసారి ఆమె డిగ్రీలో లెక్చరర్ నేర్పినట్టు కడిగింది. కడిగిన గాజు మీద నీళ్లు బొట్లు కట్టకూడదు, పొరలా జారాలి. అందుకు గాజును క్రోమిక్ యాసిడ్‌లో నానబెట్టాలి. సాయంత్రం నానబెట్టి ఉదయం తీసింది. నీళ్లు పొరలా జారాయి.

"దీంట్ల చూసుకొని బొట్టు పెట్టుకోవచ్చు నువ్వు" అన్నాడు ఇమ్రాన్.

"నీ గొట్టాల్లో అయితే టీ కాసుకోవచ్చు. డికాక్షన్ ఆల్రెడీ ఉంది."

క్రోమిక్ యాసిడ్‌లో క్రోమియం ఉంటుంది. ఎన్ని నీళ్లు పోసినా కొంత గోడలకు అంటుకునే ఉంటుంది. కంటికి కనిపించదు, అయస్కాంతానికి కనిపిస్తుంది. ఆమె చదివిన డిగ్రీ కాలేజీలో అలాంటి అయస్కాంతం లేదు. అక్కడ ఆ పాఠం సరైనదే.

రాజేశం గారు జూలై కాగితాన్ని, ఖాళీ గొట్టం కాగితాన్ని కిటికీ అద్దానికి ఆనించి ఒకదాని మీద ఒకటి పెట్టారు. రెండు మెలికలూ ఒకే చోట లేవు. అగ్గిపుల్ల మందం తేడా ఉంది.

"సార్, ఇది కొంచెం పక్కకుంది."

"గొట్టం ఖాళీ అయితే గీత కొంత జరుగుతదమ్మా. తెలిసిందే కదా."

జరిగే మాట నిజమే. ఎంత జరగాలో చెప్పే మీటరు ఆ నెల రిపేరుకు వెళ్లింది.

"మంచిగ కడిగినవా?"

"చాలా బాగా కడిగాను సార్."

"అంత మంచిగ కడిగినా వచ్చిందంటే అది గొట్టందే. నీ ప్రొటీన్ది కాదు."

దేంతో కడిగావని ఆయన అడగలేదు. ఆమె చెప్పలేదు. నేను వాళ్లిద్దరి మధ్య బల్ల మీద ఉన్నాను. ఏమీ చెప్పకపోవడం ఆ రోజు నాకు అర్హతలా అనిపించలేదు.

"కొత్త గొట్టాలు వచ్చేదాకా ఆగుదాం సార్. ఒక్కసారి చూద్దాం."

"ఎప్పుడొస్తయో ఏమో. నీ ఫెలోషిప్ డిసెంబరు దాకనే. ఆ చాప్టర్ తీసెయ్యి బిడ్డా. మిగిలింది రాసెయ్యి."

ఆమె తీసేసింది. పట్టా వచ్చింది. టైరోసిన్ మీద పని కొనసాగించడానికి పెట్టుకున్న దరఖాస్తులకు పిలుపు రాలేదు. విజయనగరంలో ఇంటర్ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్‌గా చేరింది. కొత్త గొట్టాలు ఫిబ్రవరిలో వచ్చాయి. నన్ను కాగితంలో చుట్టి, పైన 'పనికిరాదు' అని రాసి, రాజేశం గారి సొరుగులో పెట్టారు.

2018 నవంబరులో ఆయన వేరే దేశం వాళ్ల పేపరు ఒకటి చదివారు. అదే ప్రొటీన్, అదే టైరోసిన్. సొరుగు తెరిచి గౌరీశ్వరి జూలై కాగితం తీసి పక్కన పెట్టుకున్నారు. తర్వాత ఫోన్ చేసి స్పీకర్ పెట్టారు.

"గౌరీ, నేను రాజేశం."

"సార్! బాగున్నారా? రిటైరైపోయారేమో అనుకున్నాను."

"వచ్చే మార్చిల. ఒకటి అడుగుత. ఆ గొట్టం అప్పుడు దేంతోని కడిగినవ్?"

"క్రోమిక్ యాసిడ్‌తో సార్. డిగ్రీలో అలాగే నేర్పారు. ఏం సార్?"

ఆయన క్రోమియం గురించి చెప్పారు. పేపరు గురించి చెప్పారు.

"వాళ్లకి మెలిక ఎక్కడుంది సార్?"

"నీది ఉన్న కాడనే."

అవతల గంట మోగింది. "ప్రాక్టికల్స్ ఉన్నాయి సార్. పిల్లలు బ్యూరెట్లు పట్టుకుని నిలబడ్డారు. ఉంటాను."

ఆయన నన్ను కాగితంలోంచి తీసి, క్రోమియం వదలడానికి నైట్రిక్ యాసిడ్‌లో నానబెట్టారు. ఆయన గాజు కడగడం నేను అంతకుముందు చూడలేదు. వారం తర్వాత ఉదయం పదకొండు గంటలకు నన్ను ఖాళీగా యంత్రంలో పెట్టారు. గీత కాగితం ఈ అంచు నుంచి ఆ అంచుకు సూటిగా వెళ్లింది.