డిస్కులో మిగలని గొంతు

సెట్టింగుల ఫైలును బ్యాకప్ ప్రోగ్రాము లెక్కచేయదట, ఎవరైనా తిరగరాయగల ఫైలు కాబట్టి నమ్మనంటోంది, నమ్మకపోతే ఆ ముక్కేదో గట్టిగా చెప్పొచ్చుగా, ఇన్నాళ్లూ ఒక్క కాపీ తీయకుండా ఎవరూ చూడని మూలన గొణిగి ఊరుకుంది, ఆస్పత్రి గొంతు విభాగం సర్వర్ ముందు స్టూలు మీద కూర్చుని ఆమె తెరమీది వాక్యాన్ని మళ్లీ చదివింది, కాళ్ల దగ్గర డిస్కు టక్కుమంది, ఆగింది, మళ్లీ టక్కుమంది, పొద్దున డ్యూటీకి వస్తూనే విన్న చప్పుడు, వినగానే ఇక ఎక్కువసేపు బతకదని తెలిసిపోయింది, అక్క మెడ తడిమిన డాక్టరుకూ ఇలాగే తెలిసిపోయి ఉంటుంది, అందుకే ముఖం అంత మామూలుగా పెట్టుకున్నాడు, ఆ డిస్కులోనే అక్క గొంతు ఉంది, ఇంకెక్కడా లేదు.

ఆపరేషన్‌కు ముందు రికార్డు చేశారు, స్వరపేటిక తీసేయక తప్పని వాళ్లందరివీ చేస్తారు, గాజు గదిలో మైకు ముందు కూర్చోబెట్టి కాగితం మీది వాక్యాలు చదివిస్తారు, అక్క కాసేపు చదివి, ఇవేం మాటలండీ, నేనెప్పుడైనా ఇలా మాట్లాడానా అని మాటలు నేర్పే మేడమ్‌ని నవ్వించి, ఇంట్లో అనేవన్నీ అనేసిందట, గ్యాస్ కట్టేశావా, తడితలతో పడుకోకు, బుడ్డీ నీ చెప్పులు దారికడ్డం తియ్యి, ఇదంతా మేడమ్ తర్వాత చెప్పింది, తనైతే ఆ పూట గాజుకు ఇవతలే నిలబడింది, పెదవులు కదలడమే కనబడింది, కాపీ ఇంటికి తెచ్చుకుందామంటే అక్క వద్దంది, చేతికందితే వినబుద్ధేస్తుంది, నేనే అడుగుతాలే అంది, ఆ అంది కూడా పలక మీద రాసి, అప్పటికి గొంతు లేదు.

సరే ముందు అనుమతులు, సొంతదారు తప్ప ఇంకెవరూ ఫైలును ముట్టకుండా బిగించింది, బ్యాకప్ మళ్లీ మొదలుపెట్టింది, ఈసారి ప్రోగ్రాము ఫైలును చదివింది, చదివి మొదటి వరుసలోనే చతికిలపడింది, ఈ సెట్టింగు ఏ శీర్షిక కిందిదో తెలియదట, నిజమే, పైన శీర్షిక లేదు, ఎవరి చెయ్యి తగిలి చెరిగిందో, ఆమెకు ముందు ఈ సర్వర్‌ని చూసిన పెద్దాయనకు ఫోన్ చేసింది, మనవరాలిని ఎత్తుకున్నట్టున్నాడు, వెనకాల కిలకిలలు, నేను ఆ ఫైలు తెరిచింది పాస్‌వర్డ్ మార్చినప్పుడేనమ్మా, బ్యాకప్ దానంతటదే అవుతోందనుకున్నాను అన్నాడు, కాసేపు ఏమీ అనలేదు, తర్వాత గొంతు తగ్గించి, ఎవరివైనా పోతాయా తల్లీ అని అడిగాడు, మా అక్కది ఉందండీ అనడానికి నోరు రాలేదు, చూస్తున్నానండీ అని పెట్టేసింది.

శీర్షిక రాసింది, ఇప్పుడేమో పాస్‌వర్డ్ తప్పంటోంది, అక్షరం అక్షరం వేలుపెట్టి పోల్చింది, ఎక్కడా తేడా లేదు, టక్, ఉండవే తల్లీ ఉండు, మధ్యలో హ్యాష్ గుర్తు, అదీ సంగతి, ఈ ఫైల్లో ఆ గుర్తు తర్వాత ఏం రాసినా మనుషులు తమకోసం రాసుకున్నదనుకుని ప్రోగ్రాము వదిలేస్తుంది, సగం పాస్‌వర్డే లోపలికి వెళుతోంది, అటూ ఇటూ కొటేషన్ గుర్తులు పెట్టింది, సగం మాట అంటే గుర్తొచ్చింది, ఆస్పత్రి నుంచి వచ్చిన కొత్తలో అక్క పెదవులతో ఏదో చెప్పబోయేది, నీళ్లా అని తను గ్లాసు పట్టుకొచ్చేది, అక్క మారుమాట్లాడకుండా తాగేసేది, చాలా రోజులకు పలక మీద రాసింది, కిటికీ తెరవమన్నానే, దాహం కాదు, అని పక్కనే ఒక నవ్వు బొమ్మ, ఆ నవ్వు బొమ్మ చూసి తను వంటింట్లోకి పోయి ఏడ్చింది.

బ్యాకప్ కదిలింది, పేషెంట్ల వివరాలు వచ్చాయి, చికిత్స వివరాలు వచ్చాయి, రికార్డింగులు మొదలయ్యాయి, కొంత దూరం పోయి తెగింది, ఒక్కొక్కటిగా లాగడం మొదలుపెట్టింది, ఎవరో బస్సు డ్రైవరుది వచ్చింది, ఒక పంతులమ్మది వచ్చింది, కిందటి నెల చనిపోయిన దర్జీది వచ్చింది, అక్కది అడిగితే డిస్కు గీరినట్టు అరిచింది, మళ్లీ అడిగింది, ఇంకోసారి, ఇంకోసారి, ఆ తర్వాత చప్పుడే లేదు, చప్పుడు లేని ఆ గదిలో చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, మేడమ్ తలుపు తోసుకుని వచ్చి దర్జీగారిది వచ్చిందా, వాళ్లావిడ బయట బల్లమీద కూర్చుందమ్మా అంది, వచ్చిందండీ అంది ఆమె, మేడమ్ ఆమె చెయ్యి పట్టుకుని నొక్కి పరుగున వెళ్లిపోయింది, మరి మీ అక్కది అని అడగడం తట్టలేదు పాపం, తట్టకపోవడమే మేలు.

వరండాలో ఎండ ఇంకా ఉంది, అక్కకు ఫోన్ చేసింది, అక్క ఎత్తి ఎప్పట్లా గోటితో ఫోన్ మీద తట్టింది, విన్నానని, అక్కా నీ రికార్డింగు పోయిందే, అందరివీ తీశాను, నీదే రాలేదు, అంది, అటువైపు మెడలోని రంధ్రం గుండా గాలి వచ్చిపోతున్న చప్పుడు, తట్టడం లేదు, కాసేపటికి ఫోన్ కట్టయింది, వెంటనే మెసేజ్, ఏడవకే బుడ్డీ, నేనున్నాగా, తిన్నావా.

నేనున్నాగా, ఎలా అనేది ఈ మాట, ఎక్కడ సాగదీసేది, చివర కిందికి దించేదా, తనను బడికి తయారుచేస్తూ అనేది, అమ్మ పోయిన రోజు గడపలో కూర్చోబెట్టుకుని అంది, జడ వేసే వేళ్లు గుర్తున్నాయి, భుజం మీద గడ్డం బరువు గుర్తుంది, కళ్లు మూసుకుని మళ్లీ అనుకుంది, నేనున్నాగా, వినబడింది, ఇంకోసారి అనుకుంది, అదే గొంతు, అక్కది కాదు, తన గొంతు, ఎంత చెవి ఒగ్గినా తనదే, మెసేజ్‌లన్నీ ఎప్పట్నుంచో ఈ గొంతులోనే చదువుకుంటోంది, రికార్డింగు ఉందిగా అన్న ధీమాలో గమనించలేదు, అక్క గొంతు ఎలా ఉండేదో తను ఎప్పుడో మర్చిపోయింది.