రాణి టెలిఫాస్సా ప్రయాణం

కూతురికి నాటకంలో రాణి వేషం వచ్చిందని విజయశ్రీ రవ్వకేసరి చేసింది. అనుష్క చెంచా కూడా ముట్టుకోలేదు.

"రాణికి ఒక్క డైలాగ్ కూడా లేదమ్మా. జస్ట్ ఏడవాలి, అంతే."

అమెరికాలో, చాండ్లర్‌లోని వాళ్ల హైస్కూల్లో వేస్తున్నది గ్రీకు పురాణాల్లోని ఫినీషియా రాజు అజీనార్ కథ. ఎద్దు రూపంలో వచ్చిన దేవుడు అతని కూతురు యూరోపాను వీపు మీద ఎక్కించుకుని సముద్రం దాటిపోతాడు. రాజు కొడుకులను పిలిచి, చెల్లెలు లేకుండా తన గడప తొక్కవద్దంటాడు. రాణి టెలిఫాస్సా పక్కన నిలబడి కళ్లొత్తుకుంటుంది.

శనివారం అనుష్క లైబ్రరీ నుంచి లావుపాటి పుస్తకమొకటి పట్టుకుని వంటింట్లోకి వచ్చింది.

"అమ్మా, షి వెంట్! రాణి కూడా కొడుకుతో వెళ్ళింది. వెతికి వెతికి దారిలోనే చచ్చిపోయింది. కింగ్ ఇంట్లోనే ఉన్నాడు. మా ప్లేలో ఇది లేనే లేదు."

"మీ టీచర్‌కి చెప్పు మరి."

"స్క్రిప్ట్ ఆల్రెడీ ఇచ్చేశారు. నో అంటారు."

విజయశ్రీ పొయ్యి ఆపింది. ఆఫీసు మీటింగుల్లో నోటిదాకా వచ్చిన మాటను తానెన్నిసార్లు మింగిందో ఆమెకే తెలుసు.

"అడక్కముందే నువ్వే నో చెప్పుకుంటావా? రాసి తీసుకెళ్ళు."

టీచర్ చదివి, సరేనంది.

ప్రదర్శన నాడు హాలు నిండిపోయింది. రాజు వేషంలో ఉన్న ఆరవ్ సింహాసనం మీంచి ఆజ్ఞ ఇచ్చాడు. కొడుకులు కదలబోతుండగా రాణి తన కిరీటం తీసి రాజు ఒళ్లో పెట్టింది. అనుష్క చెప్పింది ఇంగ్లీషులోనే అయినా, విజయశ్రీ గుండెకు అది తెలుగులోనే వినబడింది.

"నా బిడ్డను తెమ్మని పిల్లలను పంపావు. చీకట్లో పిలిచినా అది గుర్తుపట్టే గొంతు నాది. నేనూ వెళుతున్నాను. దారిలో ప్రాణం పోతే పోనీ, ఈ కుర్చీ పక్కన నిలబడి మాత్రం ఎదురుచూడను."

రాయిలా కూర్చోవలసిన ఆరవ్ తనకు తెలియకుండానే లేచి నిలబడ్డాడు. రాణి వెనక్కి చూడకుండా కొడుకుల ముందు నడిచింది. అప్పుడు మొదలయ్యాయి చప్పట్లు. విజయశ్రీ పక్కన ఆమె భర్త భాస్కర్ కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటున్నాడు.

వెనక వరుసలోంచి ఒకావిడ ముందుకు వంగి, "ఆ రాణి ఎవరమ్మాయండీ?" అని అడిగింది.

"నా కూతురండీ" అంది విజయశ్రీ, నాలుగు వరుసలకు వినబడేలా. "ఆ మాటలు రాసింది కూడా తనే."