నీకు బలముంది గద

"రాజీ, పోతూ పోతూ అమ్మను జర లేపి కూసోబెట్టి పో."

లోపలి గదిలో దుప్పటి కిందినుంచి వచ్చింది శ్రీపతి మాట. రాజకుమారి అప్పటికే గడప దాటి, మెట్ల మీద కూర్చుని కాన్వాసు బూట్లకు తాళ్లు కట్టుకుంటోంది. చిక్కడపల్లి ఇంకా పూర్తిగా లేవలేదు. సందు చివర పాలబూతు దగ్గర డబ్బాల చప్పుడొక్కటే వినిపిస్తోంది. ఇవాళ నీళ్లొచ్చే రోజు కూడా కావడంతో చీకటితోనే లేచి, కింది నల్లా దగ్గరనుంచి బిందెలు మోసి డ్రమ్ము నింపేసింది. ఇక ఎవరికీ ఏమీ బాకీ లేనట్టే అనుకుంది పాపం.

"వినబడ్డదా?" మళ్ళీ అన్నాడు.

వినబడింది. వినబడకపోవడమనే సుఖం ఆ ఇంట్లో ఆయనొక్కడికే ఉంది.

"మీరు లేపుండ్రి ఈ ఒక్కరోజు. నాకు టైమైతున్నది, పరీక్షున్నది."

"నేను లేపితే నడుము పట్టేస్తది. నీకు బలముంది గద, కర్నల్ సాబ్." దుప్పటిలోంచే నవ్వాడు.

ఆమె కర్నలేమీ కాదు. నారాయణగూడలో ఒక బాలికల హైస్కూల్లో డ్రిల్లు టీచరు. ఆ బడి ఎన్.సి.సి. పిల్లలకు ఆఫీసరు. భుజం మీద నక్షత్రాలుంటాయి, నెత్తిన టోపీ ఉంటుంది, ఏడాదికోసారి శిబిరం ఉంటుంది. నలభై దాటిన వాళ్లు ఆ యూనిఫాంలో కొనసాగాలంటే మైదానంలో పరుగెత్తి చూపించాలి, డాక్టరు ముందు నిలబడాలి. వయసును బట్టి కాస్త సడలిస్తారేగానీ జాలిపడి ఎవరినీ గట్టెక్కించరు. రాజకుమారికి అదే ఇష్టం. అక్కడ కొలత ఉంది, అందుకుంటే అందుకున్నట్టు, లేకపోతే లేనట్టు. ఇంటి పనికి అలాంటి కొలతలేవీ ఉండవు. పప్పు బాగుంటే పప్పు బాగుందంటారు, మాడితే రాజకుమారి మాడ్చిందంటారు.

గోడ ఎక్కలేక "నాతోని కాదు మేడమ్" అని ఏడ్చే ఎనిమిదో తరగతి పిల్లలకు ఆమె చెప్పే జవాబు ఎప్పుడూ ఒకటే, "మళ్ళీ." గట్టిగా అరవదు, కోప్పడదు. ఎక్కేదాకా అదే మాట. వాళ్లు చాటుగా ఆమెకు 'మళ్ళీ మేడమ్' అని పేరు పెట్టుకున్నారు. ఆమె బతుకులో ఎవరైనా ముచ్చటపడి పెట్టిన పేరు అదొక్కటే.

బూట్లతోనే లోపలికి నడిచింది. అత్త నర్సింహమ్మ మంచం మీద కళ్లు తెరిచి చూస్తోంది. కుడివైపు చెయ్యీ కాలూ పడిపోయి మూడో ఏడు నడుస్తోంది. "నాతోని నీకు పరేషాన్ బిడ్డా," అంది ముద్దముద్దగా. రాజకుమారి ఆమెను మంచం అంచుకు జరిపి, మోకాళ్లకు మోకాళ్లు ఆనించి, చంకల కిందనుంచి చేతులు పోనిచ్చి వీపు మీద ముడివేసింది. ఎత్తింది. కుర్చీ వైపు తిప్పుతుండగా నడుములో ఏదో కలుక్కుమంది. అక్కడ మొదలైన మంట పిరుదు మీదుగా, తొడ మీదుగా అరికాలిదాకా పాకింది. నెలలుగా ఉన్న నొప్పే. కానీ ఇంతకు ముందెప్పుడూ కాల్లోకి దిగలేదు. పళ్లు బిగబట్టి ముసలమ్మను కూర్చోబెట్టి, నోరు కడిగించి, చాయ్ తాగించి బయటపడింది. మెట్లు దిగుతుంటే ఎడమకాలు తనది కానట్టుంది.

అసలు తప్పు తనదే అనుకుంటుంది రాజకుమారి. తప్పు కూడా కాదు, గొప్పకు పోవడం. ఆస్పత్రినుంచి అత్తను తెచ్చిన రోజు మరిది ఒకవైపు, శ్రీపతి ఒకవైపు, కింది కిరాయి వాళ్లాయన ఇంకోవైపు పట్టుకుని ఆటోలోంచి దించలేక ఆపసోపాలు పడుతున్నారు. ముసలమ్మ నొప్పికి కేకలు పెడుతోంది. రాజకుమారికి ఉండబట్టలేదు. శిబిరాల్లో పిల్లలకు నేర్పే పట్టు అది, గాయపడిన మనిషిని ఒక్కరే లేపే పద్ధతి. "జరుగుండ్రి," అని, ఒక్కతే లేపి నిలబెట్టింది. కేక ఆగిపోయింది. అందరూ నోళ్లు తెరిచారు. మరిది చప్పట్లు కొట్టాడు. "మా వదినె మిలిటరీ మనిషి!" అన్నాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో అత్తవారింట ఆమెకు దక్కిన మొదటి చప్పట్లవి. ప్యాంటేసుకుని కవాతుకు పోతుంటే "మొగరాయుడు" అని మెటికలు విరిచిన అత్త కూడా ఆ రోజు ఆమె మెడ పట్టుకుని వదల్లేదు. రాజకుమారికి కడుపు నిండిపోయింది. ఆ చప్పట్ల తర్వాత ఆ ముసలమ్మ ఒంటి మీద ఇంకెవరూ చెయ్యి వెయ్యలేదు.

చెయ్యి వెయ్యకపోవడానికి ఒక్కోసారి ఒక్కో కారణం. "నీ పట్టు మాకు రాదు." "నువ్వైతేనే అమ్మకు నొప్పిలేస్తలేదు." "ఆడమనిషాయె, నేను లేపితే మంచిగుంటదా?" ఆ ఆడమనిషి ఈ మగమనిషిని చంకనేసుకుని కాచిగూడ నుంచి బర్కత్‌పుర దాకా బడికి మోసిన రోజులున్నాయని నర్సింహమ్మే చెబుతుంటుంది. అప్పుడెవరికీ మంచి చెడ్డల మాట గుర్తు రాలేదు. బడిలోనూ ఇదే వరస. బెంచీలు జరపాలన్నా, బీరువా పక్క గదికి మార్చాలన్నా "మన డ్రిల్లు టీచరున్నది గద" అంటారు. బలముందని ఒక్కసారి తెలియాలే గానీ, ఆడదాని బలం ఊరుమ్మడి సొత్తైపోతుంది. అది తరుగుతుందని ఎవరికీ తోచదు. ఆమెకే తోచలేదు.

సికింద్రాబాద్‌లో మైదానం చేరేసరికి ఎండ ఎక్కుతోంది. లేడీ ఆఫీసర్లందరూ వరసలో నిలబడ్డారు. అందులో రాజకుమారే పెద్దది. పరుగు మొదలుపెట్టగానే భయం పోయింది. కాళ్లు వాటంతటవే కదిలాయి. పొద్దున పూట దొంగిలించుకున్న వేళల్లో ఇందిరా పార్కు చుట్టూ కూతురు నవతతో కలిసి తీసిన పరుగులవి. నవత ఇంటర్ చదువుతోంది. నాలుగేళ్ల కింద, తొంభై రెండులో, సైన్యం ఆడపిల్లల్ని ఆఫీసర్లుగా తీసుకోవడం మొదలుపెట్టిందని పేపర్లో చూసిన రోజు రాజకుమారి వంటింట్లో నిలబడి ఏడ్చింది. తన వయసు ఎప్పుడో దాటిపోయింది. కానీ నవతకు దాటలేదు. డిగ్రీ కాగానే ఆ పిల్ల దరఖాస్తు పెట్టాలి. అందాకా తను ఈ యూనిఫాంలో ఉండాలి. తల్లి వదిలేస్తే ఆ ఇంట్లో పిల్ల పరుగు కూడా ఆగిపోతుందని ఆమెకు తెలుసు. అందుకే ఇవాళ గట్టెక్కాలి.

సగం దూరం వెళ్లేసరికి ఎడమకాలు వినడం మానేసింది. నొప్పైతే ఓర్చుకునేదే, కాలే లేనట్టయింది. రెండడుగులు తూలి, మట్టి మీద బోర్లా పడింది. లేచింది. "మళ్ళీ," అని తనకు తానే చెప్పుకుంది. మళ్ళీ పడింది. పిల్లలకు అన్నేళ్లు చెప్పిన మాట తన కాలికే ఎక్కలేదు.

పరీక్ష చేసిన మిలిటరీ డాక్టరమ్మది గుంటూరు వైపు. పడుకోబెట్టి కాలు పైకి లేపితే రాజకుమారి కెవ్వుమంది.

"బరువులేమైనా ఎత్తుతారా మేడమ్?"

"లేదు డాక్టర్. పరుగు, కసరత్తులే. వెయిట్లు ఎన్నడు పట్టలేదు."

"మరి ఇంట్లో?"

"ఇంట్ల ఏముంటది, ఇంటి పనే."

"ఇంటి పనంటే ఏమిటో చెప్పండి."

రాజకుమారి చెప్పడం మొదలుపెట్టింది. నీళ్లు పైకి మోస్తాను. గ్యాసు సిలిండరు పైకి తెస్తాను. బియ్యం బస్తా. ఆపైన అత్తమ్మ.

"అత్తమ్మ ఏమిటండీ?"

"పక్షవాతం. లేపుత, కూసోబెడ్త, బాత్రూంకు తీస్కపోత, మళ్ళ పండబెడ్త."

"రోజుకెన్నిసార్లు?"

పిల్లల బస్కీలు ఆమె ఒక్కటి తప్పిపోకుండా లెక్కపెడుతుంది. ఇది మాత్రం ఏనాడూ లెక్కపెట్టలేదు. మనిషిని ఎత్తడం బరువు ఎత్తడమేనని ఆ బల్ల మీద పడుకున్నాకే ఆమెకు తట్టింది.

డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టింది. "ఇంట్లో ఇంకెవరూ లేరా అమ్మా?"

"ఉన్నరు," అంది రాజకుమారి. ఆ ఒక్క మాటకే కొత్తమనిషి ముందు, ఖాకీ గుడ్డల్లో, చిన్నపిల్లలా ఏడ్చింది.

ఎక్స్‌రే తీయించుకోమంది డాక్టరమ్మ. తీసినా తీయకపోయినా డిస్కు జారిన సంగతి తెలుస్తూనే ఉందంది. కాయితం మీద అన్‌ఫిట్ అని రాసి సంతకం పెట్టింది. "ఇకమీదట పరుగు లేదు, బరువూ లేదు. ఇంకొక్కసారి ఆవిణ్ణి ఎత్తారంటే మీరు కూడా ఆవిడ పక్కన మంచం వేసుకోవాల్సొస్తుంది. అర్థమైందా?"

ఆటోలో ముషీరాబాద్ మీదుగా వస్తుంటే క్రాస్‌రోడ్స్‌లో టాకీసుల ముందు కుర్రాళ్లు మార్నింగ్ షో లైన్లలో తోసుకుంటున్నారు. ఎవరి ఒళ్లు వాళ్లది, ఎంత తేలిగ్గా తోసుకుంటున్నారో అనుకుంది. దుఃఖం కూడా అయిపోయి లోపలంతా ఖాళీగా ఉంది. ఫౌజులో జవానుకు కాలు బెణికితే కవాతుకు రావద్దని సెలవిస్తారు. తన ఇంట్లో ఆ చీటీ రాసే డాక్టరు లేడు. ఇరవై ఏళ్లు ఈ ఒంటిని సానబట్టుకుంది దేనికి? ఒక నక్షత్రం కోసమనుకుంది. తీరా చూస్తే ఒంట్లోని బలమంతా ఆ ఇంటి మెట్ల మీద, మంచం అంచు మీద అయిపోయింది. నక్షత్రాల దగ్గరికి వచ్చేసరికి మిగల్లేదు.

రెండో శనివారం, శ్రీపతికి సెలవు. మెట్లు ఒక్కొక్కటే పట్టుకుని ఎక్కి వచ్చిన భార్యను చూసి పేపరు దించాడు. సంగతి విన్నాడు. చెడ్డవాడు కాదు, ముఖం చిన్నబోయింది కూడా. ఆ వెంటనే తేరుకున్నాడు.

"పోనీ తియ్యి. ఒక తీరుగ మంచిగనే అయింది. ఈ వయసుల ఉరుకుడు గిరుకుడు ఎందుకు చెప్పు. ఇగ ఇంటి పట్టున ఉంటవ్."

"డాక్టరమ్మ బరువు ఎత్తొద్దన్నది. అత్తమ్మను గూడ."

"డాక్టర్లు అట్లనే అంటరు. రెండు దినాలు రెస్టు తీస్కో, అంత మంచిగైతది."

రాజకుమారి ముందుగదిలో చాప పరుచుకుని వెల్లకిలా పడుకుంది. నేల చల్లగా తగిలింది. లోపలినుంచి నర్సింహమ్మ గొంతు వినిపించింది. పొద్దున కూర్చోబెట్టిన కుర్చీలోనే ఉంది, ఇంతసేపూ. చీర తడిసిందని చెప్పడానికి సిగ్గుపడి సణుగుతోంది. శ్రీపతి అటు చూశాడు, చాప వైపు చూశాడు. ఆమె లేవలేదు. అతనికి తోచింది ఒక్కటే.

"నవతా! ఇటు రా బిడ్డా, నాయనమ్మను జర లేపుదువు."

పుస్తకం మూసి పిల్ల వచ్చేసింది. ఒక్కమాట అడగలేదు. తలుపులోంచి రాజకుమారికి అంతా కనిపిస్తోంది. నవత నాయనమ్మ ముందు వంగి మోకాళ్లకు మోకాళ్లు ఆనించింది. చంకల కిందనుంచి చేతులు పోనిచ్చింది. ఎంత చక్కగా పట్టింది! ఆ పట్టు రాజకుమారి ఆ పిల్లకు నేర్పలేదు. మూడేళ్లుగా చూసి నేర్చుకుంది. వెనకనుంచి చూస్తే సన్నగా, సూటిగా, ఇంకా ఏ బరువూ ఎరగని ఆ వీపు, ఒకప్పటి తన వీపే.

"చూసినవా, అమ్మ లెక్కనే!" శ్రీపతి మురిసిపోయాడు. "నీకు గూడ బలముంది బిడ్డా."

రాజకుమారికి ఒళ్లంతా మండిపోయింది.

"నవతా, ఆగు!"

మైదానం అవతలి గోడదాకా వినబడే గొంతు అది. ఆ ఇంట్లో ఏనాడూ బయటికి రాలేదు. నవత అక్కడికక్కడే ఆగిపోయింది. శ్రీపతి చేతిలోంచి పేపరు జారింది.

"చేతులు తీసెయ్యి. పక్కకు జరుగు. నాయనమ్మను మీ నాన్న లేపుతడు."

"నేనా? నాకు రాదు గద రాజీ."

"నేర్పుత. పెండ్లైన కొత్తల ఈ ఇంట్ల నాకు ఏ పని వచ్చిందని. రాండ్రి. మోకాళ్లు ఆనించుండ్రి."

ఏమనుకున్నాడో వెళ్లాడు. చాప మీదినుంచి పైకప్పు చూస్తూనే ఒక్కొక్కటీ చెప్పింది, చేతులెక్కడ, పాదాలెక్కడ, ఊపిరెప్పుడు. అతను నడుముతో వంగాడు. లేపబోయాడు. ముసలమ్మ "అయ్యో కొడుకా" అని మూలిగింది. సగం లేచిన మనిషి మళ్ళీ కుర్చీలో కూలబడింది. శ్రీపతి గోడకు ఆనుకుని ఎగరొప్పుతున్నాడు. ఆ ఇంట్లో ఇన్నేళ్లలో ఏ పరీక్షకూ నిలబడని ఒళ్లు అది.

"నాతోని కాదు రాజీ."

తను గెలిచానని అనిపించలేదు రాజకుమారికి. ఈ కాలు మళ్ళీ పరుగెత్తదు. రేపు తను కళ్లు మూసుకోగానే ఇతను మెల్లగా పిల్లనే పిలుస్తాడు. తను నిద్రపోకుండా కాపలా ఉండాలి, ఈ చాప మీద, ఈ నడుముతో, ఎన్నాళ్లో తెలియదు. నర్సింహమ్మ మాత్రం ఎడమచెయ్యి చాపి కొడుకు చొక్కా పట్టుకుని ఉంది, వదలడం లేదు.

"మళ్ళీ," అంది రాజకుమారి.