ఆరిపోని టార్చిలైటు

గునపం మొన బానెట్ సందులో దూర్చి, ఒంటి బరువంతా దాని మీద వేసి, పళ్లు బిగపట్టి ఒక్క తోపు తోశాడు. బానెట్ కీచుమని అరిచి పైకి లేచింది. పాత బండ్లు విడగొట్టే ఆ యార్డులో చేరిన కొత్తలోనే అతని అసలు పేరు అందరూ మరిచిపోయారు. గునపం అనే పిలిచేవారు. పనిముట్టు పేరు మనిషికి అచ్చంగా సరిపోయింది. నల్లగా, సన్నగా, పొడుగ్గా, ఎక్కడా వంగని ఒళ్లు. అందరికీ కోపం ముక్కు మీద ఉంటే, అతనికి పిడికిళ్లలో ఉండేది. యార్డులో అతని చేత ఒక్కసారైనా తన్నులు తినని వాడు లేడు. తిన్నవాడికి సాయంత్రం టీ ఇప్పించేదీ అతనే.

పొద్దున్న లాక్కొచ్చిన ఆ ఎర్ర బండి ముందుభాగం నలిగి సీట్ల దాకా వచ్చేసింది. సీటు మీద రక్తం ఎండి అట్టకట్టింది. బ్రేకు కింద ఎవరిదో ఆడమనిషి చెప్పు ఇరుక్కుపోయి ఉంది. అతను దాన్ని లాగి బయట పారేశాడు. ఇలాంటివి చూసి చూసి అక్కడివాళ్ల మనసులకు కాయలు కాశాయి.

ఆ యార్డులో ఒక అలవాటుంది. నుజ్జయిన బండి ఏది వచ్చినా ముందు డ్యాష్‌బోర్డు అర తెరుస్తారు. లోపల టార్చిలైటు ఉంటే తీసి నొక్కుతారు. వెలిగితే చప్పట్లు, వెలగకపోతే బూతులు. చప్పట్లు వినబడే రోజులు బహు తక్కువ. ఈసారి నొక్కింది అతని జతగాడు సుత్తి. సుత్తి ఆ పేరుతోనే పుట్టాడని అందరూ నవ్వేవారు. చేతిలో సుత్తి ఎంతసేపు ఆడుతుందో నోట్లో నాలుక అంతసేపూ ఆడేది.

సుత్తి రెండుసార్లు నొక్కి, మూత తిప్పి చూశాడు. సెల్లులు కారిపోయి, స్ప్రింగు పచ్చగా చిలుం పట్టి ఉంది.

"చచ్చింది బావా."

"ముందు అదే చచ్చింది. తర్వాతే వీళ్లు," అన్నాడు గునపం.

మామూలుగా అయితే దాన్ని తుక్కు గుట్ట మీదికి విసిరేసేవాడు. ఆ రోజు మాత్రం నేల మీద పెట్టి గునపంతో పొడిచాడు. గాజు పగిలాక కూడా పొడిచాడు. రేకు చితికి మట్టిలో కలిసిపోయేదాకా ఆపలేదు. సుత్తి అడ్డం రాలేదు. సంగతి అతనికి తెలుసు.

ఆ మధ్యాహ్నం గునపం కూతురు మొదటిసారి ఒంటరిగా కొండదారిన బండి నడుపుకుంటూ వెళ్లబోతోంది. నీళ్లు పరీక్ష చేసే కంపెనీలో ఉద్యోగం. కొండ అవతలి చెరువుల్లో నీళ్లు సీసాలకు పట్టి తేవాలి. కంపెనీవాళ్లు బండి ఇచ్చారు. గునపం వెళ్లి దాని అర తెరిచి చూస్తే, లోపల కాగితాలు తప్ప ఏమీ లేవు. చాలా ఏళ్ల కిందట అదే దారిలో, చీకటి పడేవేళ, టైరు పగిలి అతని తమ్ముడు రోడ్డు మీద నిలబడ్డాడు. వెనక వచ్చే బండ్లకు కనబడాలని టార్చి తీసి నొక్కాడు. అది వెలగలేదు. లారీవాడికి మనిషి కనబడలేదు. ఆ బండి ఈ యార్డుకే వచ్చింది. గునపం దాన్ని ఇంకెవరినీ ముట్టుకోనివ్వలేదు. రోజంతా ఒక్కడే దాన్ని కొడుతూ, తిడుతూ, ఏడుస్తూ ముక్కలు చేశాడు.

అందుకే భోజనానికి వదలగానే, అన్నం ముట్టకుండా, మలుపులో ఉన్న బండి సామాన్ల కొట్టుకు వెళ్లాడు. కొట్టాయన మాటల్లో బెల్లం కలిపే మనిషి.

"బండిలో పెట్టుకునేదా అన్నా? ఇది చూడండి, నీళ్లలో పడ్డా వెలుగుతుంది."

గునపం తీసుకెళ్లి, గుమ్మం పక్కన నేల తుడిచే బకెట్లో ముంచాడు. అది ఓసారి మిణుక్కుమని ఆరిపోయింది. కొట్టాయన నవ్వు కొంచెం తగ్గింది. రెండోది అందించాడు. గునపం భుజం ఎత్తు నుంచి వదిలేశాడు. పడి రెండు చెక్కలైంది. మూడోదాన్ని బల్ల అంచుకేసి ఠప్పున కొట్టాడు. టార్చి పోయింది, బల్ల మీది అద్దం కూడా పగిలింది.

"కొనకముందే పగలగొడితే ఎలాగయ్యా?" కొట్టాయన గొంతులో బెల్లం అయిపోయింది.

"ఇప్పుడు పగిలితే నీ సరుకు పోతుంది. కొన్నాక పగిలితే నా కూతురు పోతుంది. ఏది నయమో నువ్వే చెప్పు."

"నీ కూతురు పోతే నాకేంటి? అద్దం డబ్బులు పెట్టు ముందు!"

ఆ మొదటి మాట ఆయన అనకుండా ఉండాల్సింది. మాట ఇంకా గాల్లో ఉండగానే గునపం ఆయన చొక్కా పట్టుకుని బల్ల మీదుగా లాగి, నుదుటితో ముక్కు మీద కొట్టాడు. చప్పుడు బయటికి వినబడింది. కొట్టాయన నోటి నిండా రక్తంతో కింద కూలబడ్డాడు. లోపలి గదిలోంచి ఆయన బామ్మర్ది పరుగెత్తుకొచ్చాడు. ఎద్దులాంటి మనిషి. గోడకు వేలాడుతున్న ఇనుప టార్చిని ఊడబెరికి, రెండు చేతులా ఎత్తి, గునపం ఎడమ చెవి పైన కొట్టాడు. ఆ లాగడంలో స్విచ్చి నొక్కుకుని టార్చి వెలిగింది. గునపం అరల మీద పడ్డాడు. వైపర్లు, తాళాలు, సీసాలు అన్నీ మీద కూలాయి. లేవబోతే భుజం మీద ఇంకో దెబ్బ పడింది. మూడో దెబ్బకు గునపం అతని మణికట్టు దొరకబుచ్చుకుని, బిగిసిన బోల్టు తిప్పినట్టు తిప్పాడు. టప్పుమంది. ఎద్దు మోకాళ్ల మీద కూర్చుని అమ్మా అని ఏడ్చింది.

టార్చి గునపం చేతిలో ఉంది. చెవి వెనక నుంచి రక్తం మెడ మీదికి, కాలరు లోపలికి పాకుతోంది. అతనికి ఆ ధ్యాసే లేదు. టార్చి వంకే చూస్తున్నాడు. అది ఇంకా వెలుగుతోంది. ఆర్పాడు. వెలిగించాడు. ఊపి చూశాడు. మళ్లీ ఆర్పి వెలిగించాడు. ముఖమంతా విచ్చుకుంది.

"ఇదెంత?"

కొట్టాయన ఒక చేత్తో ముక్కు పట్టుకుని, రెండో చేత్తో దండం పెట్టాడు. "తీసుకుపో నాయనా. మళ్లీ ఈ గడప తొక్కకు."

"దెబ్బ వేరు, బేరం వేరు," అని గునపం జేబులో ఉన్నదంతా పగిలిన అద్దం మీద పోసి బయటికి నడిచాడు.

యార్డుకు రాగానే సుత్తి నోరు వెళ్లబెట్టాడు. "తలకేంట్రా అది?"

"టార్చి కొన్నాను."

సంగతంతా విని సుత్తి పడీపడీ నవ్వాడు. ఆ యార్డులో ఇంజను పగిలిందో లేదో తెలుసుకోవాలంటే సుత్తితో చిన్నగా కొట్టి చెవి పెడతారు. ఖంగుమంటే బాగున్నట్టు, బొదబొదమంటే పగిలినట్టు. దెబ్బ తిని నిలిచిందే సరుకు అని వాళ్ల నమ్మకం. సుత్తి వేళ్లు మడిచి గునపం నడినెత్తిన కొట్టి, తల పక్కకు వాల్చి విన్నాడు.

"ఖంగుమంటోంది బావా. పగల్లేదు."

ఇద్దరూ నవ్వుకున్నారు. బోలెడంత నవ్వుకున్నారు. ఎన్నో వందల ఇంజన్లకు ఆ పరీక్ష నిజమే చెప్పింది మరి, తలకు మాత్రం అబద్ధం చెబుతుందని ఎవరనుకుంటారు?

గునపం పంపు కింద తల కడుక్కుని, తువాలు చుట్టుకుని మళ్లీ పనిలోకి దిగాడు. ఎర్ర బండి తలుపు ఊడదీస్తుంటే కళ్లు బైర్లు కమ్మాయి. టైర్ల గుట్ట వెనక్కి వెళ్లి వాంతి చేసుకున్నాడు. ఖాళీ కడుపుతో తాగిన టీ పడలేదనుకున్నాడు. కాసేపటికి గేటు దగ్గర హారను మోగింది. కూతురు ధర చూస్తే అరుస్తుందని, టార్చి అడుగున అంటించిన ధర చీటీని గోటితో గీకి గీకి ఊడదీస్తూ వెళ్లాడు. చీటీ బొటనవేలికి అంటుకుపోయింది.

"మళ్లీ కొట్టుకున్నావా నాన్నా?" కూతురు బండి దిగకుండానే అడిగింది.

"బానెట్ తగిలింది."

"ఆ బానెట్‌కి ఎన్ని కుట్లు పడ్డాయి?"

అతను నవ్వాడు. నవ్వు ఒక పక్కకు జారింది. టార్చి చేతిలో పెట్టాడు. "ఇది ఆరదే చిట్టీ. నా పూచీ. ఎవరైనా... దగ్గరికొస్తే... దీంతోనే ఒకటి ఇవ్వు." మాటలు కొంచెం ముద్దగా వచ్చాయి.

ఆమె టార్చి వెలిగించి, ఆటపట్టిస్తూ తండ్రి ముఖం మీదికి తిప్పింది. అతను కళ్లార్పకుండా నిలబడ్డాడు. అంత వెలుగులో కుడి కంటిపాప చుక్కంత అయింది. ఎడమ కంటిపాప మాత్రం కదల్లేదు, నల్లగా, వెడల్పుగా అలాగే ఉండిపోయింది. తల లోపల ఏం జరుగుతోందో ఆ వెలుగు ఉన్నదున్నట్టు చూపెట్టింది. ఆ అమ్మాయి సీసాలోని నీళ్లు చూసి జబ్బు చెప్పగలదు గానీ, కంటిని చూసి చెప్పే చదువు చదవలేదు.

"దొంగపిల్లి కళ్లు నీవి," అని నవ్వి, టార్చిని పక్క సీటు మీద పెట్టుకుంది. "రేపు పొద్దున్నే వచ్చేస్తా. డాక్టరుకు చూపించుకో. ఎవర్నీ కొట్టకు."

"సరేలే."

బండి మలుపు తిరిగేదాకా చూశాడు. తర్వాత రేకుల నీడలో, ఏదో బండి నుంచి ఊడదీసి పడేసిన సీటులో కూర్చుని, చెయ్యి చేతిపట్టు మీద ఆనించాడు. ఒళ్లంతా తేలికగా ఉంది. చిట్టి చేతిలో ఆరని టార్చి ఉంది. జీవితంలో ఇంత నెమ్మది ఎప్పుడూ ఎరగడు. కళ్లు మూసుకున్నాడు.

సుత్తి చాలాసేపు అతనికి వినబడేట్టు కబుర్లు చెబుతూనే పని చేశాడు. ఎంతకీ జవాబు రాకపోతే దగ్గరికి వచ్చి, "లేరా, పని ఎగ్గొడితే తంతాను," అని కుదిపాడు. తల పక్కకు ఒరిగింది. సుత్తి మడిచిన వేళ్లు పైకెత్తి, కొట్టలేక దించేసి, అక్కడే మట్టిలో కూర్చుండిపోయాడు.

కూతురికి చెబుదామని ఫోను తీశాడు. తీసి ఆగాడు. పిల్ల ఇప్పుడు కొండదారి మీద ఉంటుంది. ఈ మాట వింటే చేతులు వణుకుతాయి. ఆమె కొండ దిగేదాకా చెప్పకూడదు. నోటికి తాళమన్నది ఎరగని సుత్తి, ఫోను గుప్పిట్లో పట్టుకుని, గుడ్ల నీళ్లు కుక్కుకుంటూ, పొద్దు వాలేదాకా ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడలేదు.

యార్డువాళ్లు పిలిస్తే వచ్చిన అంబులెన్సువాళ్లు అతన్ని స్ట్రెచరు మీదికి ఎత్తుకుని తీసుకెళ్లాక, ఖాళీ సీటు చేతిపట్టుకు, అతని బొటనవేలి నుంచి ఊడిన ధర చీటీ, సగం అంకెలు చెరిగిపోయి, అంటుకుని ఉంది.